గడ్డం ఉన్న కొత్త మనిషి

"కుక్కపిల్లల్ని చూద్దామని వచ్చానండీ," అన్నాను గేటు బయట నిలబడి.

"చూద్దురుగాని. ముందు మేం మిమ్మల్ని చూడాలి," అంది గేటు లోపలున్న అమ్మాయి.

అనడమే కాదు, నిజంగానే చూసింది. బూట్ల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పైకొచ్చి నా గడ్డం దగ్గర ఆగింది. అక్కడ ఆమె కళ్లు మెరిశాయి, ఒట్టు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. అద్దంలో నన్ను చూసుకుని మురిసిపోయిన రోజంటూ లేదు. అలాంటివాడి గడ్డాన్ని ఒకమ్మాయి అంత ఇష్టంగా చూస్తే ఏమవుతుంది? గాల్లో తేలాను.

"బూట్లు అక్కడే విప్పండి. ఆ పంపు దగ్గర చేతులు కడుక్కోండి. సబ్బుతో, మోచేతుల దాకా. పిల్లలకింకా టీకాలు వేయలేదు," అంది.

తేలడం అంతటితో ఆగింది.

నేను లిఫ్టు మెకానిక్‌ని. రెండు నెలల క్రితం ఒక బిల్డింగులో ఆగిపోయిన లిఫ్టు తలుపు తెరిస్తే లోపలినుంచి నలుగురు మనుషులూ ఒక కుక్కా బయటపడ్డారు. ఆ కుక్క తన యజమానితో వెళ్లిపోకుండా, బెదిరిపోయిన ఆ నలుగురి చుట్టూ తిరిగి అందర్నీ ఒక చోటికి చేర్చి, మెట్ల దాకా తోలుకెళ్లి గానీ ఊరుకోలేదు. గొర్రెల మందల్ని కాసే జాతట. ఒంటరిగా ఉంటున్నవాడికి అలాంటి నేస్తం ఉంటే ఎంత బావుంటుందో అనిపించింది. ఆ యజమాని ఇచ్చిన అడ్రసే ఇది.

ఇల్లు చిన్నదే. గేటు దగ్గర నన్ను తనిఖీ చేసినావిడ ఒక స్కూల్లో లెక్కల టీచరు. వాళ్ల నాన్న వడ్రంగి. అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేస్తారు. అందరి మీదా నానమ్మ. వంటగది పక్క గదిలో వడ్రంగి గారు స్వయంగా చేసిన పెద్ద చెక్కపెట్టె, అందులో దొరసాని అనే తల్లికుక్క, దాని పొట్టకి అతుక్కుని ఆరు పిల్లలు. పెట్టె లోపలి గోడల వెంబడి జానెడు ఎత్తులో ఒక కర్ర బిగించి ఉంది. తల్లి ఒరిగి పడుకున్నప్పుడు పిల్ల గోడకి నలిగిపోకుండా ఆ కర్ర కింద చోటుంటుందట. పిల్లల మెడల్లో ఒక్కోదానికి ఒక్కో రంగు రిబ్బను. పెట్టె అంచున కూర్చుని కాలు లోపల పెట్టగానే పసుపు రిబ్బనుది తడబడుతూ వచ్చి నా కాలి బొటనవేలి మీద బోర్లాపడి నిద్రపోయింది. నా పని అయిపోయిందని నాకప్పుడే తెలిసిపోయింది.

"దొరసానికిది రెండో కాన్పు, ఇదే ఆఖరు," అంది టీచరమ్మ. "దాని కళ్లూ, తుంటి ఎముకలూ డాక్టరు చూసి సరేనన్నాకే ఈ కాన్పుకి ఒప్పుకున్నాం. పిల్లల్ని ఎనిమిదో వారం నిండాకే పంపిస్తాం. ఏ పిల్ల ఎవరికన్నది మేమే చెప్తాం. ఎప్పుడైనా పెంచలేకపోతే, పదేళ్ల తర్వాతైనా సరే, ఇక్కడికే తెచ్చివ్వాలి."

తలూపాను. నానమ్మ నాలుగు పేజీల ఫారం నా చేతిలో పెట్టింది.

"పెళ్లి సంబంధానిక్కూడా ఇన్ని ఆరాలు తీయరేమోనండీ," అన్నాను నవ్వుతూ.

"పెళ్లిలో ఇద్దరికీ నోరుంటుంది నాయనా. దీనికి లేదుగా," అంది నానమ్మ నవ్వకుండా.

మూడో పేజీలో ఒక ప్రశ్న: పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? పెన్ను ఆగింది. బొటనవేలి మీద పసుపు రిబ్బను గుర్రు పెడుతోంది. 'మా పిన్ని' అని రాసేశాను. నాకు పిన్ని ఉన్నమాట నిజం. నాతో ఉన్నమాటే అబద్ధం. ఆవిడుండేది రైల్లో నాలుగు గంటల దూరంలో.

ఫారం చదివి టీచరమ్మ అంది, "పిల్లని ఇస్తామో లేదో ఇప్పుడే చెప్పలేం. ఈలోగా మీరు వారానికి మూడుసార్లు రాగలరా?"

"నేనా? ఎందుకు?"

"మాకు గడ్డం ఉన్నవాళ్లు దొరకట్లేదు."

గోడ మీద ఒక చార్టు చూపించింది. మూడో వారంనుంచి ఎనిమిదో వారం లోపల పిల్లలు రకరకాల మనుషుల్ని చూడాలట. ఇప్పుడు చూసిన దానికి పెద్దయ్యాక బెదరవట. కళ్లజోడు: నానమ్మ. చేతికర్ర: పక్కింటి తాతగారు. టోపీ: పోస్ట్‌మాన్. గడ్డం: ఖాళీ.

"నేనూ ప్రయత్నించానండీ," అన్నారు వడ్రంగి గారు దిగులుగా దవడ తడుముకుంటూ. "నెలరోజులు వదిలేశాను. అక్కడొకటీ ఇక్కడొకటీ."

అలా నాకు ఆ ఇంట్లో ఉద్యోగం దొరికింది. వెళ్లాలి, కూర్చోవాలి, కొత్త మనిషిలా ఉండాలి.

ఒకరోజు హెల్మెట్‌తో, ఒకరోజు రెయిన్‌కోటులో వెళ్లాను. వాన పడుతున్న సాయంత్రం వరండాలో కూర్చుని గొడుగు తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం.

"మరీ టపీమని తెరుస్తున్నారు. కాస్త మెల్లగా," అంది టీచరమ్మ.

"గొడుగు తెరవడానికీ సిలబస్ ఉందాండీ?"

"ఉంది. మీకింకా పాస్ మార్కులు రాలేదు."

గొడుగు అంచునుంచి జారిన వాననీళ్లు ఆమె నుదుటి మీద పడ్డాయి. తుడుచుకోకుండా నవ్వింది. నేను గొడుగు మూయడం మర్చిపోయాను. ఇంతలో దొరసాని వచ్చి మా ఇద్దర్నీ మూతితో పొడిచి గదిలోకి తోలింది. ఇంట్లో మనుషులు తలోచోటా ఉంటే దానికి పడదు. ఆ క్షణంలో దాని కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి చేతిలో పెట్టేవారు. ఒక కప్పు టీ, నా చొక్కాకి ఊడిపోయిన గుండీ కుట్టి ఇవ్వడం, ఒకసారి తన కోసం దాచుకున్న బిస్కెట్ నానమ్మే తీసివ్వడం. అమ్మ పోయాక నా చొక్కా గుండీ గురించి అడిగినవాళ్లు లేరు. ఆ రోజు ఇంటికెళ్లి ఆ గుండీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను, నవ్వితే నవ్వండి.

నాలుగోసారి వెళ్లినప్పుడు ఇంకో కుక్కని చూశాను. దొరసాని పాత కూతురు. దాని పేరు తిరుగుటపా. ముందుకాళ్ల మీద వెంట్రుకల్లేవు, చర్మం గట్టిపడి మచ్చలు.

"దీన్ని తీసుకున్నవాళ్లు ఇంట్లో ఎప్పుడూ మనిషుంటారని ఫారంలో రాశారు," అంది టీచరమ్మ, దాని తల నిమురుతూ. "ఎవరూ లేరు. రోజుకి పది గంటలు బాల్కనీలో కట్టేసి వెళ్లేవాళ్లు. పని లేక, తోడు లేక తన కాళ్లు తనే కొరుక్కుంది. విషయం తెలిసి మేమే వెళ్లి తెచ్చుకున్నాం."

టీ కప్పు కింద పెట్టేశాను.

"పిల్ల చేతికొచ్చేదాకా అందరూ మంచివాళ్లేనండీ," అంది మళ్లీ తనే. "ఒకాయన నెలరోజులు రోజూ ఫోన్ చేశాడు. నా మాట తీరు బావుందన్నాడు, నవ్వు బావుందన్నాడు. పిచ్చిదాన్ని, నమ్మాను. పిల్లని తీసుకెళ్లాక మళ్లీ ఫోన్ లేదు."

తేలిగ్గానే చెప్పింది గానీ ముఖం పక్కకి తిప్పుకుంది. నేను ఆయన లాంటివాణ్ని కాదని అరిచి చెప్పాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను? మూడో పేజీలో మా పిన్ని కూర్చుని ఉంది.

ఇవాళ చెప్పాలి, రేపు చెప్పాలి అనుకుంటూనే మూడు వారాలు గడిచిపోయాయి. చివరికి ఒకరోజు తెగించాను. చెప్పేదేదో మనిషిలా కనబడి చెబుదామని సెలూన్‌కెళ్లి నున్నగా గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

టీచరమ్మ గేటు తీసి నా ముఖం వైపే చూసింది. "గడ్డమేదండీ?"

"తీయించేశాను. బావుందా?"

"అమ్మా," అని లోపలికి కేకేసింది. "ఈయన గడ్డం తీయించేశారు."

అందరూ బయటికొచ్చారు. ఇంట్లో ఏదో పోయినట్టు నిలబడ్డారు. ఇంకా చార్టులో గడ్డం ఎదురుగా ఆరు గళ్లు ఖాళీగా ఉన్నాయట. పసుపు రిబ్బనుది నన్ను చూసి రెండడుగులు వెనక్కేసి మొరిగింది. అది మొరగడం అదే మొదలు.

"పోనీలే," అన్నారు వడ్రంగి గారు, తేరుకుని. "గడ్డం లేకపోతే ఇతను మళ్లీ కొత్త మనిషే కదా. ఇంకో గడిలో రాయండి."

అందరూ నవ్వేశారు. ఆ నవ్వులోనే నానమ్మ అంది, "ఆదివారం మీ ఇంటికొస్తున్నాం అబ్బాయ్. మీ పిన్నితో మాట్లాడాలి. పసుపు రిబ్బనుది నీకే ఇద్దామనుకుంటున్నాం."

చెబుదామనుకున్నది చెప్పకుండానే తలూపాను. ఇంటికొచ్చి పిన్నికి ఫోన్ చేశాను. ఒక్క ఆదివారం వచ్చి మా ఇంట్లో కూర్చోమన్నాను.

"కూర్చుంటాను. సోమవారం నేను రైలెక్కాక ఆ మూగజీవి గతేంట్రా?" అంది పిన్ని. "వాళ్లకి అబద్ధం చెప్పింది చాలక నన్నూ అందులోకి లాగుతావా? సిగ్గులేదూ?"

ఉంది. అందుకే శనివారం పొద్దున్నే వెళ్లి అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అందరికంటే ముందు టీచరమ్మే అడిగింది.

"రేపొక్కరోజు ఎలాగోలా గట్టెక్కితే పిల్ల మీ చేతికొచ్చేది. ఎందుకు చెప్పారు?"

"తిరుగుటపా కాళ్లు చూశాను."

"అవి చూసి మూడు వారాలైంది."

"అవును. చెబితే ఇక రానివ్వరని భయపడ్డాను."

"పసుపు రిబ్బను దగ్గరికా?"

మీ దగ్గరికి అనాలి. కానీ అందరూ చూస్తున్నారు. తలొంచుకున్నాను.

"అర్థమైంది," అని ఆమె లోపలికెళ్లిపోయింది.

నానమ్మ ఫారం మడిచి పక్కన పెట్టింది. "పసుపు రిబ్బనుది నీకు లేదు. రోజంతా ఖాళీ ఇంట్లో దాన్ని ఉంచలేం."

"ఇవ్వకూడదండీ. మీరు చేసిందే రైటు."

"ఊఁ. కానీ పిల్లలు వెళ్లడానికింకా ఎనిమిది రోజులుంది. మానేయకు. ఆ గడ్డం పెంచుకుంటూ రా."

గేటు దాటగానే కళ్లు తడయ్యాయి. అబద్ధమాడినవాణ్ని మెడపట్టి గెంటకుండా మళ్లీ రమ్మన్నారు. అలాంటివాళ్లు ఎంతమందుంటారు చెప్పండి.

ఒక్కరోజు మానలేదు. టీచరమ్మ నాతో మాటలు బాగా తగ్గించేసింది. "గొడుగు," అంటుంది, తెరుస్తాను. "హెల్మెట్," అంటుంది, పెట్టుకుంటాను. ఆమె నవ్వు కోసం నేను ఎన్ని వేషాలేసినా పిల్లలే తోకలూపాయి. చార్టులో గడ్డం గళ్లు మాత్రం నిండాయి, గడ్డం పూర్తిగా నిండకపోయినా.

ఎనిమిదో వారం నిండిన ఆదివారం ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకెళ్లారు. పసుపు రిబ్బను వంతు ఆఖరున వచ్చింది. గొర్రెలు పెంచే దంపతులు వ్యాన్‌లో వచ్చారు. పొద్దస్తమానం మనుషులు, మేత బీళ్లు, చేతినిండా పని. దానికి అంతకంటే ఏం కావాలి? నేనే ఎత్తుకెళ్లి వాళ్ల ఒళ్లో పెట్టాను.

"మెట్లంటే భయమండీ దీనికి. లాగొద్దు. కింద మెట్టు మీద కూర్చుంటే తనే దిగి వస్తుంది," అన్నాను.

"మీరీ ఇంటి అబ్బాయా?" అన్నారు ఆ గొర్రెల కాపరి.

"కాదండీ. కొత్త మనిషిని," అన్నాను. పక్కనున్న టీచరమ్మ నావైపు ఒకసారి చూసి వ్యాన్ తలుపు మూసింది.

సోమవారం పనిలో ఒక బటన్‌కి బదులు ఇంకోటి బిగించాను. ఐదో అంతస్తు నొక్కినవాళ్లు బేస్‌మెంట్‌లో తేలారు. తిట్లు తిన్నాను. మంగళవారం స్కూలు వదిలే వేళకి సెలవు పెట్టి ఆ గేటు ముందుకెళ్లి నిలబడ్డాను.

టీచరమ్మ తలుపు తీసి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పిల్లలన్నీ వెళ్లిపోయాయి."

"తెలుసండీ."

"చార్టు కూడా తీసేశాం. ఇక్కడ మీకింక ఏ పనీ లేదు."

"తెలుసండీ."

"మరెందుకొచ్చారు?"

"మీ కోసం," అన్నాను. "ఆ రోజు పసుపు రిబ్బను దగ్గరికా అని అడిగారు. దాని మీద ప్రాణం పెట్టుకున్నాను, కాదనను. కానీ నేను భయపడింది మీ దగ్గరికి రానివ్వరేమోనని. అందరి ముందూ చెప్పలేకపోయాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

గేటు కమ్మీలు రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత ఏడుస్తూనే కోపంగా చూసింది.

"నిన్న వస్తారనుకున్నాను. రాత్రి దాకా చూశాను. రాలేదు. మీరూ అంతేననుకుని అన్నం కూడా తినలేదు తెలుసా?"

"పని తెమలలేదండీ."

"ఫోన్ చేయొచ్చుగా?"

"తిడతారేమోనని."

"తిడతాను. ఇకమీదట రోజూ తిడతాను. లోపలికి రండి."

ముందుగదిలో నానమ్మ కూర్చుని ఉంది. ఆవిడ వినికిడి అమోఘం, అంతా విన్నట్టుంది. నన్ను రమ్మని సైగ చేసి పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్లలో ఈ ఇంటికి ఎంతమందొచ్చారో లెక్కలేదు," అంది. "పిల్లని ఇవ్వనన్నాక కూడా రోజూ వచ్చి పనిచేసింది నువ్వొక్కడివే. మా మనవరాలికి నువ్వు నచ్చావు. నాకు అంతకు ముందే నచ్చావు."

వడ్రంగి గారు గొంతు సవరించుకుని, టీ పెడతానని తానే వంటగదిలోకి వెళ్లారు. వాళ్లమ్మగారు కొంగుతో కళ్లొత్తుకుంటూ ఆయన వెనకే నడిచారు.

"థాంక్సండీ," అన్నాను టీచరమ్మతో.

"ఎందుకు?"

"పసుపు రిబ్బనుని నాకివ్వనందుకు. ఇచ్చుంటే నేను దేనికోసం వస్తున్నానో మీకెప్పటికీ నమ్మకం కుదిరేది కాదు."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, ఇంకో చెయ్యి పట్టుకుంది.