అంజి పేరున రాసిన జవాబులు

“ఏసీ ఎవరాపారు?” భుజం మీద తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ ప్రసాద్ హాల్లోకి వచ్చాడు.

“నేనే బావా. ఒక్క పాట. ఏసీ రొద రికార్డింగులో పడుతోందట,” అంది శాంతిప్రియ.

“ఆగస్టు నెలలో, దుబాయ్‌లో, సెలవు రోజున! ఏసీ మెకానిక్ వచ్చి ఏసీ ఆపించే కొంప ఈ సత్వా పేట మొత్తానికి మనదొక్కటే.”

వంటగదిలోంచి నాగదుర్గ అందుకుంది. “ఆ అబ్బాయి పాడుకుంటే మీకేం పోయిందంట?”

“ప్రాణం పోతోందే!”

“కాసేపు తలుపు బయట నిలబడండి. ఉన్న ప్రాణం విలువ తెలుస్తుంది.”

పడగ్గది తలుపు తెరుచుకుని అంజిబాబు తల బయటికి వచ్చింది. “బావగారూ, మీ మాటలు కూడా పడుతున్నాయండి. ఉంచేద్దునా? మనోళ్లకి భలే నచ్చుతాయి.”

“ఇంకా నీకు బావగారిని కాలేదు. ముందు పాడి తగలెయ్!”

శాంతిప్రియ నవ్వు దాచుకుని అక్కకు సాయం చేయడానికి వెళ్లింది. వచ్చే ఆదివారం భోజనానికి వచ్చి పెళ్లి మాట అడుగుతానని అంజి ఆమెకు మాటిచ్చాడు. ఆ వారం గడవడమే కష్టంగా ఉంది.

లాక్‌డౌన్ ఏడాదిలో ఈ ఇంటి ఏసీ బాగు చేయడానికి వచ్చాడతను. స్టూలెక్కి పాడుకుంటూ పని చేస్తున్నవాడు హఠాత్తుగా ఆగిపోయాడు.

“మధ్యలో ఆపేశారేం?” అంది శాంతిప్రియ.

“స్క్రూ నోట్లో పెట్టుకున్నానండి.”

పాట ఎవరిదని అడిగితే తనదేనన్నాడు. సొంతంగా కట్టి యూట్యూబ్‌లో పెడుతున్నాడట, ఎవరూ చూడటం లేదట.

“మీకు వ్యూస్ కావాలా, మనుషులు కావాలా?”

“రెండూ ఒకటి కాదాండి?”

“కాదు. వ్యూస్ పాటతో పాటే అయిపోతాయి. మనిషికి జవాబిస్తే మనిషి ఉంటాడు.”

అలా ‘అంజి మనోళ్లు’ అని వాట్సాప్ గ్రూపు పుట్టింది. కొత్త పాట ముందు మనోళ్లకి, ఆ తర్వాతే లోకానికి. విడిగా ఎవరు ఏం రాసినా అంజి పేరున జవాబు వెళ్లాలి. అంజి చేతులు ఎప్పుడూ ఏసీ డక్టుల్లో ఉంటాయి కాబట్టి ఆ జవాబులు శాంతిప్రియ రాసేది. టైపింగ్ సెంటర్లో పగలంతా ఊరందరి వీసా కాగితాలు నింపే పిల్లకు అదేం కష్టం కాలేదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో కుర్రాళ్లు, విల్లాల వంటిళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎవరి తల్లికి ఆపరేషనో, ఏ కంపెనీ మేనేజరు, ముదీర్, ఎవరి జీతం పట్టుకున్నాడో ఆమెకు నోటికొచ్చు. అవన్నీ అంజికి వాయిస్ మెసేజిలుగా పెట్టేది.

“విన్నావా?”

“విన్నా బంగారం.”

మొన్న ఏప్రిల్లో వాన దుబాయ్‌ని ముంచేసిన రోజున అతను బూట్లు చేత పట్టుకుని, మోకాలిలోతు నీళ్లలో నడిచి టైపింగ్ సెంటర్‌కి వచ్చాడు. “ఇది మన కోనసీమ కాలవే అనుకో. నా భుజం పట్టుకుని దిగు,” అన్నాడు. కార్లు పడవల్లా తేలుతున్న ఆ రోడ్డు మీద, తడిసిన భుజం పట్టుకుని నడుస్తూ, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండునని అనుకుంది శాంతిప్రియ.

ఆ శనివారం షార్జాలో ఒక హోటల్ మేడ మీద మనోళ్లంతా మొదటిసారి కలిశారు. పాటలయ్యాక ఫోటోల కోసం వరస కట్టారు. టీలు అందిస్తున్న శాంతిప్రియకు, స్వీటు డబ్బా గుండెకు హత్తుకుని నిలబడ్డ పెద్దావిడ మాట వినిపించింది.

“బాబూ, నేను పేరమ్మని. అల్ ఐన్ నుంచొచ్చాను. మా మంగ సంగతప్పుడు మీరు రాసిన మాటలే నన్ను నిలబెట్టాయి.”

శాంతిప్రియ ట్రేతో అటు తిరిగింది. పేరమ్మ కూతురు మంగ నిరుడు రాజోల్లో జ్వరంతో పోయింది. సెలవు దొరక్క తల్లి కడచూపుకి కూడా వెళ్లలేకపోయింది.

అంజి ముఖం వెలిగిపోయింది. “పేరమ్మగారా! గుర్తులేకపోవడమేంటండి! మంగ ఎలా ఉంది? బాగా చదువుతోందా? ఈసారి పాట మంగ పేరు మీదే పాడతాను!”

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

పేరమ్మ అతని ముఖంలోకి కాసేపు చూసింది. “బానే ఉంది బాబూ,” అని డబ్బా బల్ల మీద పెట్టి, ఫోటో దిగకుండానే మెట్లు దిగిపోయింది. శాంతిప్రియ వెనకే పరుగెత్తేసరికి ఆవిడెక్కిన వ్యాను కదిలిపోయింది.

తిరిగి వచ్చి అంజిని పక్కకు పిలిచింది. “మంగ చనిపోయింది, అంజీ.”

“అయ్యో! ఎప్పుడు?”

“ఏడాదైంది. చెప్పాను నీకు. విన్నానన్నావు.”

“పనిలో ఉంటాను కదే. సరే, ఖలాస్, అయిపోయిందిగా. రొదలో వినపడలేదని ఏదో ఒకటి రాసి సర్దెయ్. నువ్వు రాస్తే ఎవరైనా నమ్ముతారు.”

“నేను పెట్టినవాటిలో ఒక్కటైనా విన్నావా?”

అంజి నవ్వాడు. “పాడటం నా పని, రాయడం నీ పని. నువ్వు పాడుతున్నావా, నేను వినడానికి? యల్లా, పద, జనం ఎదురు చూస్తున్నారు.” అదే నవ్వుతో పక్కవాళ్ల భుజం మీద చెయ్యేసి ఫోటోకి నిలబడ్డాడు.

మర్నాడు నాగదుర్గ నేల మీద భోజనాలకి వేసే ప్లాస్టిక్ సుఫ్రా పరిచి రొయ్యల ఇగురు, చేపల పులుసు వడ్డించింది. ఇస్త్రీ చొక్కాలో వచ్చిన అంజి నాలుగు ముద్దలు తిని గొంతు సవరించుకున్నాడు.

“ప్రసాద్‌గారూ, శాంతిని నాకిచ్చి పెళ్లి చెయ్యండి. ఒక్కటే రిక్వెస్టండి. ఈ సంగతి ఇప్పుడప్పుడే గ్రూపులో తెలియకూడదు. నాకెవరూ లేరనుకుంటేనే జనం నన్ను సొంతం అనుకుంటారు.”

“ఈ సినిమా వేషాలేంటయ్యా! సరే, పిల్లకిష్టమైతే మాకేం,” అన్నాడు ప్రసాద్. నాగదుర్గ సంబరంగా అంజి కంచంలో మరో చేప ముక్క వేయబోయింది.

“ఆగక్కా,” అంది శాంతిప్రియ. అంజి కేసి చూస్తే ఇప్పటికీ ఆ తడిసిన భుజమే గుర్తొస్తోంది. చూపు తిప్పుకుంది. “నేను ఈ పెళ్లి చేసుకోవడం లేదు.”

నాగదుర్గ గరిట గాలిలోనే ఆగింది.

అంజి తెల్లబోయాడు. “ఒక్క మనిషి సంగతి మర్చిపోయాననా?”

“మర్చిపోయానని చెప్పి ఉంటే ఈపాటికి ముహూర్తం అడుగుతుండేదాన్ని. గుర్తుందన్నారు మీరు.”

‘మీరు’ అన్న ఆ పిలుపుకి అంజి చేతిలో ముద్ద కంచంలోకి జారింది.

“జవాబులు ఇక మీరే రాసుకోండి. బావా, రేపు సెలవు పెట్టాను. పొద్దున్నే అల్ ఐన్ బస్సెక్కుతున్నాను. ఆ రాతలు నావేనని పేరమ్మగారికి నా నోటితోనే చెబుతాను.”

“అది బయటికొస్తే గ్రూపులో ఒక్కరు మిగలరు, శాంతీ!”

“మిగలకపోవచ్చు. నేను వెళ్లడం మాత్రం ఖాయం,” అని శాంతిప్రియ అక్క చేతిలో గరిట తీసుకుని బావకు పులుసు వడ్డించింది.