కదపొద్దు

ఆ శనివారం ఈతకొలను గట్టు మీద "కదపొద్దు" అన్నది ఎవరు? ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఈ ప్రశ్నను మళ్ళీ పైకి అడిగినవారు లేరు, జవాబు చెప్పినవారూ లేరు. అంపారోకు మాత్రం జవాబు తనకు తెలుసునన్న నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె ప్రతి ఉదయమూ తల్లి ముందు కాఫీ పెట్టి, మాట్లాడకుండా వెనుదిరిగేది.

ఆ ఉదయం మాత్రం వెనుదిరగలేదు. రాత్రంతా కురిసిన వాన వెలిసింది. దాల్చినచెక్క వేసి కాచిన కాఫీ మట్టికుండలో ఇంకా పొగలు కక్కుతోంది. తల్లి ఒతీలియా తీపి బన్ను తుంచి ముంచుకుంటూండగా, అంపారో నిలబడే చెప్పింది: ఇల్లు అమ్మేస్తున్నాను, ఇంటింటా ఈతకొలనుండే ఈ క్వెర్నవాకా ఊళ్ళో పాడుపడ్డ కొలనున్న ఇంటిని ఎవరూ కొనరు గనక ముందు దాన్ని బాగుచేయించాలి, నీళ్ళు తేటపడ్డ రోజున నువ్వు సన్యాసినుల వృద్ధాశ్రమానికి వెళ్తావు, గది మాట్లాడాను.

"ఆ గదికి కిటికీ ఉందా?" అని అడిగింది ఒతీలియా.

"ఉంది."

"అయితే సరేనమ్మా."

ఆ ఒప్పుకోలే అంపారోను మరింత మండించింది. ఎదురు తిరిగితే బాగుండేది. నేరం చేసినవాళ్ళే ఇంత సులువుగా ఒప్పుకుంటారని ఆమె అనుకుంది.

కొలనును ఆరేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. రాలిన కాగితంపూలు, కుళ్ళిన మామిడిపళ్ళు, వాటి మీద కప్పలు. అంతకుముందు అది ఆ ఇంటికి గర్వకారణం. వానాకాలంలో నీళ్ళు మసకబారితే పటిక కలిపి, మోటారు ఆపి, ఒక రాత్రి అలా వదిలేసేవారు. తెల్లారేసరికి మురికంతా అడుక్కి దిగి, నీళ్ళు తేరేవి. తేరుతున్న నీళ్ళను వేలితో కూడా తాకకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. ఒతీలియా పెట్టిన కట్టుబాటు. పిల్లలందరూ దాన్ని వింటూ పెరిగారు.

ఆ శనివారం కూడా పటిక వేశారు. మర్నాడు ఒతీలియా నామదినం, అంటే ఆమె పేరుగల పునీతురాలి పండుగ; రాజధాని నుంచి బంధువులు వస్తారు. మధ్యాహ్నం అంపారో కూతురు సిత్లాలి కనబడలేదు. ఐదేళ్ళ పిల్ల. వీధి వెతికారు, పక్క ఇళ్ళు వెతికారు, ఊరి వెనక లోయ అంచుదాకా వెళ్ళి అరిచారు. అంపారో తమ్ముడు లాసరో ఒక్కడికే అనుమానం వచ్చి, ఆకులు తీసే పొడవాటి గడకర్రను కొలనులోకి దించబోయాడు. వెనకనుంచి ఒక గొంతు కదపొద్దంది. వాడు తిరిగి చూడకుండానే కర్ర పక్కన పెట్టి లోయ వైపు పరుగెత్తాడు. చీకటి పడబోతూండగా తిరిగొచ్చి, ఎవరి మాటా వినకుండా కర్ర దించాడు. అప్పుడు తగిలింది.

ఒతీలియాది, అంపారోది ఒకటే గొంతు. ఫోనులో దగ్గరి బంధువులు కూడా పొరబడేవారు. శవజాగరణ నాడు అంపారో తల్లిని నిలదీసింది, నువ్వే కదూ అని. ఒతీలియా తల వంచుకుంది. అంతే. ఆ ఇంట్లో విచారణ అక్కడితో ముగిసింది.

ఇప్పుడు ముగ్గురూ కలిసే పని మొదలుపెట్టారు. బయటివాళ్ళను పిలవడానికి ఎవరికీ మనసొప్పలేదు. లాసరో వలతో కుళ్ళు ఎత్తిపోశాడు. అంపారో గోడలు రుద్దింది. పచ్చదనం చచ్చేదాకా క్లోరిన్ పోశారు; నీళ్ళు బూడిదరంగుకు, తర్వాత పాలరంగుకు తిరిగాయి. వడపోత యంత్రంలో ఇసుక మార్చారు. ఒతీలియా మోకాళ్ళ మీద కూర్చుని, గట్టు పలకల మీది పాచిని బ్రష్షుతో గీకేది. లేవమంటే లేచేది కాదు.

"అక్కా, ఈ కప్పలకి కూడా ఆశ్రమంలో గదులు మాట్లాడావా?" అన్నాడు లాసరో, గాలి కాస్త తేలికపడుతుందేమోనని.

"మాట్లాడాను. పక్కది నీకు."

"నువ్వు కాస్త తిని చెయ్యి నాయనా," అంది ఒతీలియా, చిక్కుడుగింజల కూర పొదిగిన రొట్టె అందిస్తూ. కొడుకును ఆమె ఏనాడూ మరోలా పిలవలేదు.

చివరి రోజున పటిక కలిపారు. మోటారు ఆగింది. అన్నాళ్ళ రొద తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దాన్ని అంపారో భరించలేకపోయింది. గట్టు మీద కూర్చున్న తల్లి వైపు తిరిగింది.

"ఎవరో నలుగురు చుట్టాలు మెచ్చుకోవాలని నా బిడ్డని నీళ్ళలో వదిలేశావు. నీ నామదినానికి నీళ్ళు అద్దంలా ఉండాలి. అంతేగా? ఒక్కసారి చెప్పు, నీ నోటితో చెప్పు. ఆరేళ్ళయింది, తప్పయిపోయిందని ఒక్క మాటన్నా అన్నావా?"

"ఏమంటే తిరిగొస్తుందమ్మా పిల్ల?"

"రాదు. నువ్వు మాత్రం హాయిగా అన్నం తింటున్నావు, నిద్రపోతున్నావు..."

ఆ మాటల మధ్య లాసరో, నీళ్ళలోకి జారిన బ్రష్షును అందుకోవడానికి గడకర్రను దించబోయాడు. అంపారో కంటి కొసతో చూసింది. తల తిప్పలేదు, కోపం ఆపలేదు. ఊపిరి తీసినంత అలవాటుగా, తల్లిని తిట్టే గొంతుతోనే అంది:

"కదపొద్దురా, తేరనీ."

లాసరో కర్రతో అలాగే నిలబడిపోయాడు. తర్వాత దాన్ని గట్టు మీద పెట్టి ఇటు తిరిగాడు.

"అక్కా," అన్నాడు. "ఆ రోజు విన్నది కూడా ఇదే. చివర 'రా' అని విన్నాను, ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. అమ్మ నన్ను 'రా' అనదు."

అంపారో కాదనబోయింది. నోరు తెరిచేసరికి ఆ మధ్యాహ్నం తిరిగొచ్చింది: తాను వీధి గేటులోంచి పరుగున రావడం, తెగిన చెప్పు చేతిలో ఉండడం, మేడ మీద గదులు చూద్దామని మెట్ల వైపు పోతూ, గట్టు మీద తమ్ముడి వీపు కనబడగానే, ఆగకుండా, ఆలోచించకుండా, చిన్నప్పటినుంచీ వేలసార్లు అన్న మాటను మరొక్కసారి అనడం.

ఆమె తల్లిని చూసింది. "నీకు తెలుసా?"

"వంటింటి కిటికీలోంచి విన్నాను."

"మరి నేనడిగితే తల ఎందుకు వంచావు?"

"ఎవరినో ఒకరిని ద్వేషించకపోతే నువ్వు ఆ వారం దాటేదానివి కాదు. నిన్ను నువ్వే ద్వేషించుకుంటే అసలు దాటేదానివే కాదు. నేనైతే ముసలిదాన్ని, ఓర్చుకోగలను." ఒతీలియా క్లోరిన్‌కు తెల్లబడ్డ తన వేళ్ళ వైపు చూసుకుంది. "అదీగాక, ఆ మాట నీకు నేర్పింది నేనే."

అంపారో తడి బండ మీద కూలబడింది. తల్లి మోకాళ్ళకు తల ఆనించి ఏడ్చింది. ఆ ఏడుపు ఆమె బరువును తగ్గించలేదు; బరువు ఇంతకాలం ఒకరి దగ్గర ఉండేది, ఇప్పుడు ఇద్దరి దగ్గరకు చేరింది. ఒతీలియా కూతురి జుట్టు నిమిరింది గాని ఓదార్చలేదు. ఓదార్పు ఉందని అబద్ధం చెప్పే మనిషి కాదామె.

తెల్లవారి అంపారో ఆశ్రమానికి ఫోను చేసి గది అక్కర్లేదని చెప్పింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని కొలను దగ్గరకు నడిపించింది. నీళ్ళు పూర్తిగా తేరాయి. అడుగున నీలి పలకల మధ్య సందులు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ రోజు నీళ్ళు ఇలా ఉండి ఉంటే, ఐదేళ్ళ పిల్ల ఒక్క చూపుకు కనబడేది. తల తిప్పుకోవడానికి వీల్లేక, ఇద్దరూ చేతులు పట్టుకుని అలా చూస్తూనే ఉన్నారు.

ఇది చదివి కళ్ళు తుడుచుకుంటున్న మీతో నాకు పనుంది. కన్నీళ్ళు తర్వాత. ముందు లేవండి. మీ ఇంటి సంపు, తొట్టి, బావి, మీ అపార్టుమెంటు ఈతకొలను, వెళ్ళి చూడండి. అడుగు కనబడకపోతే ఈ రోజే మూత వేయించండి, లేదా కంచె కట్టించండి. ఏనాడైనా పిల్ల కనబడకపోతే వీధిలోకి పరుగెత్తకండి, ఎవరి కట్టుబాట్లనూ లెక్కచేయకండి. మొట్టమొదట నీళ్ళలో వెతకండి.