నూట మూడో ఈగ

తేజస్విని ఆ లెక్కను మూడుసార్లు కూడింది. మూడుసార్లూ నూట మూడే వచ్చింది.

ఎల్బీ నగర్ ఫ్లాట్‌లో, వెనక గదిలో, పొద్దున ఏడింటికి ఆమె రోజూ చేసే పని అదే. సీసాల్లో చచ్చిన ఈగలను తీసి, లెక్కపెట్టి, నోట్‌బుక్‌లో రాయడం. మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు. ఒక్కో సీసాలో వంద వేసి మొదలుపెడుతుంది. ఆఖరిది చచ్చిన రోజు మొత్తం కూడితే వంద రావాలి. ఒకటో రెండో తప్పించుకుంటే తొంభై ఎనిమిది రావచ్చు. వందకు మించడం తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా జరగలేదు.

ఆమె పరిశోధన జీవపరిణామం మీద, జన్యువుల మీద. ఒక వంశంలో ముసలితనం దాకా బతికిన ఈగల గుడ్లనే తర్వాతి తరానికి తీసుకుంటూ వచ్చింది. పక్కనే ఇంకో వంశాన్ని మామూలుగా పెంచింది. నలభై తరాలు గడిచేసరికి మొదటి వంశం దాదాపు రెట్టింపు రోజులు బతుకుతోంది. అలాంటి జతలు ఐదు. అల్మారాలో ఐదు అరలు, అరకో జత. ఈ ఆఖరి లెక్క పూర్తయితే పేపర్ వెళ్తుంది. పేపర్ వెళ్తేనే మార్చిలో ముగిసిపోయే ఉద్యోగం నిలబడుతుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై ఎనిమిది రోజులు. ల్యాబ్‌లో కరెంటు లేదు, జనరేటర్‌కు డీజిల్ లేదు. అందుకే మూడు వారాల కిందట సీసాలన్నీ ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో ఉండేది ఇద్దరే. తను, అత్తగారు ఈరమ్మ. భర్త శ్రీనివాస్ గుండెపోటుతో పోయి రెండేళ్లయింది. అతనున్నప్పుడు ఇల్లు మాటలతో నిండుగా ఉండేది. ఆ మాటలన్నీ అతని ద్వారానే నడిచేవని అతను పోయాకే తెలిసింది.

"పిల్లా, చాయ్ సల్లారుతుంది." ఈరమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"అత్తయ్యా, ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"మనింటికి ఎవలొస్తరు? నేనే ఒస్త. నువ్వు అరటిపండ్లకని దిల్‌సుఖ్‌నగర్ పోంగనే ఒస్త."

"వచ్చి?"

"నువ్వు సీసలు మార్చేటప్పుడు కొన్ని బయట పడ్తయి గద. కిటికీ కాడ తిరుగుతుంటయి పాపం. గ్లాసు బోర్లిచ్చి పట్టుకొని మల్ల లోపలేస్త."

తేజస్విని పెన్ను కింద పెట్టింది. "ఏ సీసాలో?"

"ఏది తక్కువుంటె దాంట్ల."

పెరిగింది మూడు ఈగలే. కానీ ఏ వంశానిది ఏ సీసాలో పడిందో ఎవరికి తెలుసు? తొమ్మిదేళ్లు విడివిడిగా పెంచిన రెండు వంశాలు ఒక స్టీలు గ్లాసుతో కలిసిపోయాయి. ల్యాబ్‌లో మొదటి రోజు నేర్పే మొదటి పాఠం అదే. బయటపడిన ఈగను చంపాలి, లోపల వెయ్యకూడదు.

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"పొద్దుగాల సచ్చినయి ఎన్నో రాస్తవు. రాసినంక నీ మొఖం మాడిపోతది. తక్కువైతున్నయని పరేషాన్ ఐతున్నవనుకున్న."

"అవి చావాలి అత్తయ్యా! ఎప్పుడు చస్తాయో చూడ్డమే నా పని. తొమ్మిదేళ్ల కష్టం బూడిద చేశారు!"

ఈరమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "గా సంగతి నాకెట్ల ఎర్కైతది? ఒక్కనాడన్న చెప్పినవా? నా కొడుకడిగితె ఇంగ్లీషుల గంట చెప్తుంటివి. నేనడిగితె 'ఆఫీసు పనండీ' అంటివి."

"చెబితే మాత్రం మీకర్థమవుతుందా?"

అన్నాక గానీ ఆ మాట ఎంత పదునైనదో తేజస్వినికి తెలియలేదు. ఈరమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

తేజస్విని డిపార్ట్‌మెంట్ హెడ్ వెంకట్రావుకు ఫోన్ చేసింది. ఆయన విని నవ్వాడు.

"మూడే కదమ్మా. కొట్టేసి వంద అని రాయి."

"మిగతా సీసాల్లో ఎన్ని కలిశాయో తెలియదు సార్."

"ఎవరికి తెలుస్తుంది? సమ్మెలో, కరెంటు కోతల్లో నీ ఇంటికొచ్చి ఎవడు చూశాడు? ఆ ఒక్క అంకె కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"గంట టైమివ్వండి సార్."

నోట్‌బుక్ ముందు కూర్చుంది. ఆ అంకె మీద పెన్ను ఆనించింది. గీత గీయడానికి ఒక్క క్షణం చాలు. శ్రీనివాస్ ఉంటే అడిగేది. అడగడానికి ఎవరూ లేరని అనుకున్నాక అనుమానం వచ్చింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఈరమ్మ వంటింట్లో లేదు, బాల్కనీలో లేదు. గుమ్మం దగ్గర చెప్పులు లేవు. మంచం కింద ఈరమ్మ సంచి లేదు.

నల్గొండలో ఈరమ్మ కూతురు గీత ఉంది. కానీ బస్సులు మూడు వారాలుగా కదలడం లేదు. తేజస్విని తలుపు దగ్గరికి లాగి పరుగెత్తింది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మధ్యన పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. బస్సులు తిరగాల్సిన చోట జనం భోజనాలకు బంతుల్లో కూర్చున్నారు. డప్పుల మోతలో తన ఆంధ్ర యాసతో నోరు విప్పడానికి ఆమె ఒక్క నిమిషం జంకింది.

"ఏమండీ, ఒక పెద్దావిడ... మా అత్తయ్య... చేతిలో సంచి..."

అన్నం కలియబెడుతున్న ఆమె తలెత్తి చూసింది. "ఆంధ్ర మేడమా? గాడ కూసుంది చూడు. బస్సు లేదంటె ఇనదు, బువ్వ తినమంటె తినదు. మీరన్న జర తినిపియ్యుండ్రి."

ఖాళీ బస్టాప్‌లో, ఒళ్లో సంచి పెట్టుకుని, ఈరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"బస్సులు లేవు అత్తయ్యా."

"ఎర్కే. సమ్మె ఐపోయినంక ఒస్తయి గద."

"అప్పటిదాకా ఇక్కడే ఉంటారా?"

"ఆడ కూసున్నా ఈడ కూసున్నా ఒకటే. ఈడ మనుషులన్న కనవడ్తరు."

తేజస్విని పక్కన కూర్చుంది. తన పని గురించి చెప్పడం మొదలుపెట్టింది. రెండు వంశాలు, ముసలి ఈగల గుడ్లు, నలభై తరాలు. అంతా తెలుగులోనే. ఈరమ్మ మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు అడిగింది. రెండూ సరైనవే.

"అయితె నేను ఏ అరల ఏసిన్నో చెప్తె నీకు అక్కరకొస్తదా?"

"గుర్తుందా మీకు?"

"కిందియి మూడిట్ల ఏసిన. పైవి రెండు ముట్టలే. నాకందవు."

"స్టూలుంది కదా?"

"స్టూలెక్కినా చెయ్యి లేవద్దా?" ఈరమ్మ కుడి చెయ్యి ఎత్తింది. అది ఛాతీ దగ్గరే ఆగిపోయింది. "ఆర్నెల్ల సంది గింతే."

రెండు జతలు మిగిలాయి! తేజస్విని గుండె ఎగిరింది. అంతలోనే ఆమె చూపు ఆ చేతి మీద ఆగింది.

"మరి జుట్టు ఎవరు దువ్వుతున్నారు?"

"వాచ్‌మన్ పెండ్లం సైదమ్మ."

ఏ ఈగ ఏ పొద్దున చచ్చిందో తొమ్మిదేళ్లుగా రాసిపెట్టిన మనిషి, ఒకే ఇంట్లో ఆర్నెల్లుగా లేవని చేతిని చూడలేదు.

అక్కడి నుంచే ఫోన్ చేసింది. "సార్, కింది మూడు అరలు తీసేస్తున్నాను. ఎందుకు తీసేశానో కూడా పేపర్లో రాస్తాను."

"రెండు జతలతో ఎవరొప్పుకుంటారమ్మా?"

"ఒప్పుకోకపోవచ్చు సార్."

"నౌకరి పోతదా?" ఫోన్ పెట్టేశాక ఈరమ్మ నెమ్మదిగా అడిగింది.

"పోవచ్చు. మీ వల్ల కాదు. మీకు చెప్పకపోవడం వల్ల."

ఈరమ్మ సంచి తాడును వేలికి చుట్టుకుంది.

"ఒకటడుగుతా, తిట్టద్దు. గా ఎక్కువ రోజులు బతికేటియి ఉన్నయి గద. తోటియన్ని పోయినంక, గన్ని రోజులు అవి ఒక్కటే ఏం చేస్తయి బిడ్డా?"

ఎన్ని సెమినార్లలో మాట్లాడింది, ఎంతమంది పెద్దవాళ్లకు జవాబులు చెప్పింది. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. తేజస్వినికి శ్రీనివాస్ పోయిన రోజు కూడా అందరి ముందూ బిగబట్టుకున్న ఏడుపు, నడిరోడ్డు మీద తన్నుకొచ్చింది.

"తెలీదు అత్తయ్యా. లెక్కపెట్టానంతే. ఎప్పుడూ చూడలేదు."

ఈరమ్మ ఎడమ చేత్తో కోడలి చెంపలు తుడిచింది. సంచి ఆమెకిచ్చి, మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది.

"పా, ఇంటికి పోదాం. ఇయ్యాల ఇద్దరం కూసొని చూద్దాం."