ముందు చక్రానికి కొన్న టైరు

గన్‌ఫౌండ్రీ వాలులో, మలుపు దగ్గర, లక్ష్మణరావు సైకిలు అడ్డంగా పడి ఉంది. పక్కనే అతను.

1965 జులై. సోమవారం ఉదయం. పదింటికి ఇంకా పది నిమిషాలున్నాయి. సన్నగా వాన. తల ఫుట్‌పాత్ అంచురాయికి తగిలింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ముప్పై ఏళ్లు నిండని మనిషి. ఇంట్లో భార్యకు ఏడో నెల.

పడ్డ మనిషి దగ్గర స్కూటర్ ఆపి నిలబడ్డవాడు కిషన్. నాంపల్లిలో లక్ష్మణరావు కిరాయికున్న ఇంటి ఓనరు కొడుకు. వరండాలో సైకిలు పెట్టే చోటు కోసం వాళ్లిద్దరికీ రోజూ తగాదానే. "ఒకనాడు నీ సైకిల్ మీదికెల్లి స్కూటర్ తోల్త" అని శనివారం కిషన్ అరిచిన అరుపు గల్లీ అంతా విన్నది. ఇంకేం కావాలి? మధ్యాహ్నానికల్లా కిషన్ లాకప్‌లో ఉన్నాడు.

కేసు ఇంత తేలిగ్గా చేతికొస్తే ఎస్సై ప్రహ్లాద్‌కు అన్నం సహించదు.

"గుద్దినవా?"

"లే సార్."

"మరి ఎట్ల పడ్డడు?"

"మలుపు తిప్పిండు. ముందు చక్రం సర్రున జారింది. నేను ఎనక ఉన్న. బ్రేక్ కొట్టి ఆపిన."

"నీ స్కూటర్ తగలనే లేదా?"

"మా అమ్మ మీద ఒట్టు సార్."

ఒట్లు ప్రహ్లాద్ బోలెడు విన్నాడు. కానీ స్కూటర్‌కు చిన్న గీతయినా లేదు. అదే అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

సాయంత్రం చనిపోయినతని తండ్రి స్టేషన్‌కు వచ్చాడు. కోదండరామయ్య. బందరు నుంచి కొడుకు వెంట హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"జారడమా? శనివారమే కొత్త టైరు కొన్నాడండీ మావాడు. గట్టి పట్టున్న టైరు. ఎలా జారుతుంది బాబూ? వాడు గుద్దే చంపాడు. వాణ్ణి ఉరి తీయించండి."

"ఔ సార్, టైర్ కొత్తదే. నేను చూసిన" అన్నాడు కానిస్టేబుల్ బీరయ్య.

మర్నాడు ప్రహ్లాద్ అబిడ్స్‌లో ఆ టైరు అమ్మిన సైకిళ్ల దుకాణం వెతికి పట్టుకున్నాడు. దుకాణం సేటుకు బేరం బాగా గుర్తుంది.

"యాదికుంది సార్. జర సతాయించిండు. ఒక్కొక్క టైర్ మీద బొటనవేలు పెట్టి రాసి చూసిండు. సన్న గీతలది వద్దన్నడు. లోతు గుబ్బలదే కావాలన్నడు."

"ముందటికా, ఎనకకా?"

"గదే తమాషా. అందరు ఎనకకే కొంటరు. గీయన ముందటికే అన్నడు. పోయిన వారం వానల ముందు చక్రం జారిందట. క్యారియర్ మీద భార్య కూసునుందట, కడుపుతోని. దేవుని దయతోని బతికినం సేటూ అన్నడు."

"ఎవరు ఎక్కించిన్రు?"

"మేమే. ముందు చక్రానికే ఎక్కించినం."

ప్రహ్లాద్ తిన్నగా స్టేషన్‌కు వచ్చాడు. పెరట్లో సైకిలు ముందు గొంతుక్కూర్చుని ఒక చక్రం తిప్పాడు. తర్వాత రెండోది తిప్పాడు. రెండు టైర్ల పక్కలూ వేలితో తడిమాడు.

"బీరయ్యా, రేపు పొద్దున ఈ సైకిల్‌ను, ఆ పోరన్ని నాంపల్లికి పట్కరా."

బుధవారం ఉదయం ఆ వరండాలోనే అందరూ పోగయ్యారు. కుర్చీలో కోదండరామయ్య. వంటింటి గడపకు ఆనుకుని కోడలు కామాక్షి. కిషన్‌ను చూడగానే తల్లి విద్యావతి గొల్లుమంది.

"నా కొడుకుకు నోరు ఎక్కువ సారూ. చెయ్యి గట్ల లేవదు."

"జర ఆగు అమ్మా." ప్రహ్లాద్ సైకిలుకు స్టాండు వేశాడు. "కిషన్, డైనమో ఏ చక్రానికుంది?"

"ఎనక చక్రానికి సార్."

"లైట్ ఏసినప్పుడల్ల అది టైర్ పక్కన రాసుకుంటది కదా. ఆ గీత ఏ టైర్‌కుంది?"

కిషన్ వంగి చూశాడు. వెనక టైరు పక్కలు నిగనిగలాడుతున్నాయి. మచ్చ లేదు. ముందు టైరు పక్కన, చుట్టూతా, అరిగిన పట్టీ ఉంది. టైరు నడుమ గుబ్బలన్నీ పోయి నున్నగా ఉంది.

"ముందటి టైర్‌కు సార్!"

"డైనమో ఎనక, దాని గీత ముందట. ఈ టైర్ ఎనక తిరిగి తిరిగి అరిగింది. శనివారం దుకాణంల కొత్తది ముందటికి ఎక్కించిన్రు. సోమవారం అది ఎనక ఉంది. బీరయ్య కొత్త టైర్ ఉందన్నడు. నేనూ విన్న. ఏ చక్రానికుందని అడగనే లేదు. ఎనక జారితే కాలు ఆనించుకోవచ్చు. ముందటిది జారితే పడుడే. కిషన్ అబద్ధం చెప్పలే."

అతని గొంతు కటువైంది.

"ఆదివారం ఈ సైకిల్‌ను ముట్టిందెవరు?"

"మావోడు ఆదివారం ఊర్లనే లేడు సారూ" అంది విద్యావతి.

"నేనేనండీ" అన్నాడు కోదండరామయ్య.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మాత్రం తేలిగ్గానే చెప్పుకుపోయాడు.

"వాడు మధ్యాహ్నం పడుకున్నప్పుడు మార్చాను. కొత్తది వెనక్కే వేసుకోవాలి కదండీ? బరువంతా దానిమీదే. అరిగింది ముందుకు. మా బందరులో అందరం అంతే, నా జన్మంతా అలాగే తొక్కాను. వాడికివన్నీ ఏం తెలుసు, దుకాణం వాడు తప్పుగా వేశాడనుకున్నాను. టైరు పదికాలాలు మన్నుతుందని..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆయన చూపు ముందు చక్రం మీద పడింది. మళ్లీ పైకి లేవలేదు.

"కొత్తది ముందు చక్రానికే ఉంటే... మావాడు బతికేవాడా ఇన్‌స్పెక్టరుగారూ?"

సర్వీసంతా ప్రశ్నలు వేసి బతికినవాడు ప్రహ్లాద్. సైకిలు స్టాండు తీశాడు, మళ్లీ వేశాడు.

"బతికేవారు కారు మావయ్యగారూ." గడప దగ్గర నుంచి కామాక్షి అంది. "ఆ వాలంతా నూనె పడి ఉందట. ఏ టైరైనా జారేదే. కదండీ?"

వాలులో నూనె చుక్క లేదు. ప్రహ్లాద్ స్వయంగా చూశాడు.

"ఔ" అన్నాడు ప్రహ్లాద్. "నూనె ఉండె."

కిషన్‌ను అక్కడే వదిలేశారు. తల్లీ కొడుకులు ఒకరినొకరు పట్టుకుని లోపలికి వెళ్లారు. ప్రహ్లాద్ గేటు దాకా వచ్చాక వెనక కామాక్షి వచ్చి నిలబడింది.

"కిషన్ గారు లాకప్‌లో ఉన్నారని తెలిసీ రెండు రోజులు నోరు మూసుకున్నానండీ. ఆ పాపం నాదే."

"నీకు ముందే ఎరుకనా అమ్మా?"

"సోమవారం పొద్దున ఆయన చూసుకున్నారు. 'నాన్న మార్చేశారే' అని నవ్వారు. నేను మార్చుకోమన్నాను. 'ఇప్పుడు ఆయన ఎదురుగా మారిస్తే చిన్నబుచ్చుకుంటారు. సాయంత్రం ఆయన గుడికెళ్లాక మార్చుకుంటాలే' అన్నారు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది మాత్రం మావయ్యగారికి తెలియనివ్వకండి. మీకు దణ్ణం పెడతాను."

ప్రహ్లాద్ తల ఊపాడు.

వరండాలోంచి ముసలాయన గొంతు వినబడింది.

"అమ్మాయ్, నిజంగా బతికేవాడు కాదంటావా?"

కామాక్షి కళ్లు తుడుచుకుని వెనక్కి నడిచింది. ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, బతికేవారు కారని మళ్లీ చెప్పింది.