కాలిన గీత మీద పచ్చగడ్డి

కొండకు ఒకవైపు అడవి బూడిదైంది. రెండోవైపు పచ్చగా ఉంది. మధ్యలో నల్లటి గీత. గీత పక్కన ఒక అగ్గిపెట్టె.

దాన్ని కవర్లో వేస్తూ ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరాడు. పొద్దుట్నుంచీ పైఅధికారి ఫోన్లు. అన్నిటా ఒకటే పాట. "అరెస్టు చేశావా?"

ఊరి అటవీ కమిటీకి ఉన్నది ఒక్క గది. ఒక్క ఫ్యాను, అదీ తిరగదు. కుర్చీలో ప్రాజెక్టు ఆఫీసర్. వాతావరణం పాడవకుండా అడవిని కాపాడమని విదేశాలు డబ్బిచ్చి నడిపించే ప్రాజెక్టు అది. అడవిలో ఊరివాళ్లు నిప్పు పెట్టకూడదు. పెడితే కమిటీ రద్దు, అడవి మీద ఊరి పెత్తనం పోయినట్టే.

గుమ్మం దగ్గర కమిటీ అధ్యక్షురాలు నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ కవరు చూపించాడు. "పెద్దమ్మా, ఈ అగ్గిపెట్టె నీదేనా?"

"నాదే."

"నిప్పు పెట్టావా?"

"పెట్టాను."

ఆఫీసర్ లేచి నిలబడ్డాడు. "ఇంకేం కావాలండీ? బేడీలు వేయండి!"

"మీరు కూర్చోండి సార్. ఎప్పుడు పెట్టావమ్మా?"

"పోయిన నెల, గాలి లేనప్పుడు. ఎండలు ముదరకముందే ఎండుగడ్డిని గీతలా కాల్చేస్తాం బాబూ. మంటొస్తే అక్కడ ఆగిపోద్ది. మా అత్త చేసింది, వాళ్లత్త చేసింది. ఈయన వద్దన్నాడని చాటుగా చేశాను."

"కట్టుకథ! అడవి కాలింది నిన్న!"

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ కొండ మీదికి నడిపించాడు.

"వంగి చూడండి సార్."

నల్లటి గీత నిండా వేలెడు పచ్చగడ్డి మొలకలు. పక్కన కాలిన అడవిలో ఉత్త బూడిద.

"నిన్న కాలిన చోట ఇవాళ గడ్డి మొలుస్తుందా? గీత పాతది. మంట కొత్తది."

"మరి మంట ఎవరు పెట్టారు?"

ఇన్‌స్పెక్టర్ వాళ్లను కిందికి, రోడ్డు పక్కన అడవి మీద నిఘాకు పెట్టిన ప్రాజెక్టు కెమెరాల షెడ్డుకు తీసుకెళ్లాడు. గోడ మీద కరెంటు వైరు కరిగి ముద్దయింది.

"షార్ట్ సర్క్యూట్. మంట ఇక్కడ పుట్టి, గాలికి పైకి పాకి, గీత దగ్గర చచ్చింది. మిగిలిన సగం అడవి ఈమె పుణ్యమే."

ఆఫీసర్ ఆ వైరును తాకి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అయితే అరెస్టు వద్దు. కానీ గీత ఆవిడ కాల్చిందేనని మీరే రుజువు చేశారు. కమిటీ రద్దవుతుంది."

"అడవిని కాపాడిందయ్యా!"

"ఎందుకు కాల్చారని డబ్బిచ్చే ఆ విదేశాలవాళ్లు అడగరండీ. కాల్చారా లేదా, అంతే. దాచిపెడితే నా ఉద్యోగం పోతుంది."

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పైగా తన రుజువే ఆమె మెడకు చుట్టుకుంది.

అధ్యక్షురాలు అడవి గేటు తాళంచెవి తీసి ఆఫీసర్ చేతిలో పెట్టింది.

"వచ్చే ఏడు గీత ఎవరు కాలుస్తారు బాబూ?"

ఆఫీసర్ తాళంచెవిని జేబులో వేసుకున్నాడు.

మళ్లీ ఫోన్ మోగింది. "అరెస్టు చేశావా?"

"లేదు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అంతకంటే ఘోరం చేశాను."