ఇంటిల్లిపాదికీ ఒకటే చాట్

పొద్దున్నే ఇల్లంతా రంపంపొట్టు వాసన. భోజనాల బల్ల మీద కూతురు చేసిన చెక్క రైలు, చక్రాల బాతు, తల ఊపే ఎలుగుబంటి బారులు తీరి ఉన్నాయి. బొమ్మల షాపు యజమానురాలు కాసేపట్లో వచ్చి చూస్తానంది. నచ్చితే ఆర్డరు ఇస్తుంది. కూతురికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ హడావుడి తల్లికీ అంటుకుంది. తుడిచిన బాతునే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"అమ్మా, ఆవిడకివ్వడానికి బొమ్మల గురించి నాలుగు ముక్కలు రాయమంటే ఈ ఏఐ ఏం రాసిందో విను!" కూతురు ట్యాబ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఈ బాతుకు రోజూ వేడినీళ్ల కాపడం పెడితే వాపు తగ్గుతుందట!"

తల్లి పకపకా నవ్వింది.

"అది నా మోకాలి సంగతే!" పక్కగదిలోంచి తండ్రి అరిచాడు.

"మళ్ళీ రాయమన్నాను. సరిగ్గా రాయమన్నాను. ఇప్పుడు బాతుకి మెట్లెక్కొద్దని చెబుతోంది."

ఆ ఇంట్లో ఏఐతో మాట్లాడటానికి అందరికీ ఒకటే చాట్. ఇంటికి ఒక డాక్టరున్నట్టు తమ సంగతులన్నీ ఒక్కచోటే ఉండాలని తండ్రి పట్టుదల. ఆయన మోకాలు, నీళ్ల మోటారు రిపేరు, కూతురి బొమ్మలు అన్నీ అందులో కలగాపులగం.

"కొత్త చాట్ తెరువు. నా వంటలకి ఎప్పుడో వేరు కాపురం పెట్టాను," అంది తల్లి.

తండ్రి కుంటుకుంటూ వచ్చాడు. "నాకు చెప్పకుండానా?"

"చెబితే ఒప్పుకుంటారా?" అనేసి ఆమె కూతురి వైపు తిరిగింది. "ఊరికే రాయి అనకు. ఎవరొస్తున్నారు, నువ్వేం చేశావు, నీకేం కావాలి, అన్నీ వివరంగా చెప్పు. లేకపోతే దానికేం తెలుస్తుంది పాపం?"

కూతురు కొత్త చాట్ తెరిచి ఉత్సాహంగా ట్యాబ్‌కి చెప్పడం మొదలుపెట్టింది. ఏ చెక్క వాడిందో, పిల్లలు నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేని రంగులు ఎలా వెతికిందో చెప్పింది. "ఈ ఆర్డరు వస్తే ఆఫీసు ఉద్యోగం మానేసి ఇదే పనిగా..." అని నాలుక్కరుచుకుంది.

తల్లి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మానేస్తావా?" తండ్రి గొంతు పెరిగింది. "దానికి చెప్పిన మాట మాకు చెప్పలేకపోయావా?"

"చెబితే ఒప్పుకుంటారా, నాన్నా?"

"సరదాకి చేస్తున్నానన్నావు. మేమూ సరదా అనే అనుకున్నాం," అంది తల్లి. "సగం చెబితే అదే తికమక పడింది. మేమెంత?"

"నవ్వుతారని భయమేసిందమ్మా." కూతురి కళ్ళు నిండాయి.

తండ్రి కళ్ళజోడు పెట్టుకుని తెర మీద వచ్చింది చదవసాగాడు. "పదేళ్ల అనుభవం... ఎన్నో బహుమతులు... నీకు బహుమతులెప్పుడొచ్చాయి?"

"నేను చెప్పలేదు నాన్నా. అదే కల్పించింది."

"తీసెయ్. లేనిది మనకెందుకు? బాతు చక్రం ఊడిపోయిన ప్రతిసారీ కొత్తది చెక్కావు కదా, అది రాయి."

కూతురు తెల్లబోయింది. "మీకెలా తెలుసు?"

"గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. నువ్వే చెబుతావని ఆగాను."

ఆమె ఇక ఆగలేక తండ్రి భుజం మీద వాలిపోయింది. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

"కళ్ళు తుడుచుకుని అది పూర్తిచెయ్," అని మోకాలు పట్టుకుంటూ ఆయనే వెళ్ళి తలుపు తీశాడు.

"రండి, రండి! మా అమ్మాయి బొమ్మలు చేస్తుంది."

ఎవరడిగినా 'మా అమ్మాయి ఆఫీసులో ఉద్యోగం' అని చెప్పుకునే మనిషి! తల్లి బాతును తుడిచిన గుడ్డతోనే గబగబా కళ్ళొత్తుకుంది.