ఉర్సులా కొట్టు వెనక బల్ల

టక్లోబాన్ ఊరి నుంచి ఉత్తరంగా, కొండవాలు ఇళ్ళకి పోయే దారిలో ఉర్సులా జావ కొట్టు ఉంది చూశారూ... ఆ మలుపు మంచిది కాదు. పగలు చూస్తే ఏమీ కనపడదు. రేకుల కప్పు, పొయ్యి మీద అండా, రెండు బల్లలు. అల్లం దట్టించి కాచిన బియ్యపు జావ, పైన ఎర్రగా వేయించిన వెల్లుల్లి, అడిగితే ఒక ఉడకబెట్టిన గుడ్డు. వాసనకే నోరూరుతుంది. అయినా సరే, ఉత్త ఆకలేసి అక్కడ ఆగేవాడు మా ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు లేడు.

అక్కడ ఆగేది శవజాగారం నుంచి వచ్చేవాళ్ళే.

మా దగ్గర పద్ధతి అది. చచ్చినవాడి దగ్గర కూర్చుని వచ్చినవాడు తిన్నగా ఇంటికి పోకూడదు. పోతే ఆ చచ్చినవాడు వెంటపడి ఇంట్లోకి వచ్చేస్తాడు. దారిలో ఎక్కడో ఒకచోట దిగాలి, ఏదో ఇంత నోట్లో వేసుకోవాలి, వెంట వచ్చినవాణ్ణి అక్కడ వదిలించుకుని పోవాలి. ఊరిని ముంచిన పెద్ద తుఫాను తర్వాత సగం జనం కొండవాలుకి మారారాయె, చావులేమో ఊళ్ళో. మధ్యలో ఉన్నది ఉర్సులా కొట్టు ఒక్కటే. మరి ఏళ్ళ తరబడి అలా వదిలించుకున్నవాళ్ళంతా ఎక్కడికి పోతారండీ?

తినేవాళ్ళంతా ముందు బల్ల మీద కూర్చుంటారు. వెనక బల్ల మీద ఉర్సులా ఎవరినీ కూర్చోనివ్వదు. "అది నిండిపోయింది నాయనా" అంటుంది.

చూస్తే ఖాళీగానే ఉంటుంది.

పానియో బండి రాత్రిపూట ఆ దారిలోనే తిరిగేది. మోటారు సైకిలుకి పక్కన ఇద్దరు పట్టే తొట్టి తగిలించిన బండి. జాగారం నుంచి ఎవరు ఎక్కినా సరే, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, ఉర్సులా కొట్టు దగ్గర బ్రేకు వేయాల్సిందే. "మనోడు పిల్లి చచ్చినా జావ తాగి పోతాడ్రా" అని తోటి బండివాళ్ళు ఏడిపించేవారు. పానియో నవ్వి ఊరుకునేవాడు.

వాళ్ళకి అసలు సంగతి చెప్పలేదు. పెద్ద తుఫాన్లో సముద్రం ఊళ్ళోకి వచ్చిన పొద్దున పానియో కూతురు లూపే పోయింది. ఆరేళ్ళ పిల్ల. శవం దొరకలేదు. జాగారం పెడితే పోయిందని ఒప్పుకున్నట్టే కదా అని అతను పెట్టలేదు. ఆ మాట మీదే భార్యతో గొడవై, ఆవిడ సెబూలో చెల్లెలి దగ్గరికి పోయి ఇక రాలేదు. మిగిలింది ఒక్క గది, ఒక్క కంచం. ఆ గదిలోకి ఎప్పుడైనా ఎవరైనా వస్తే లూపేనే రావాలి. పరాయి దెయ్యం వచ్చి ఆ చోట్లో కూర్చోకూడదు. అందుకే అతనికి అంత పట్టింపు.

ఇదంతా పానియో నాకు తర్వాత చెప్పుకున్నాడు లెండి.

తుఫాను వచ్చిన ఐదో ఏడు. రాత్రి పదకొండు దాటింది. పాత రేవు దగ్గర ఒకావిడ చెయ్యెత్తింది. యాభై ఏళ్ళుంటాయి. నల్లబట్టలు, చేతిలో గుడ్డసంచి. వెనక పాకలో కొవ్వొత్తులు, కాఫీ వాసన, పేకాట ఆడుతున్న మగవాళ్ళు... చెప్పక్కర్లేదు, జాగారమే.

"కొండవాలు. పన్నెండో వరస" అంది. "తిన్నగా పోనివ్వన్నా."

"ఎవరు పోయారక్కా?"

"మావాళ్ళే."

తొట్టిలో ఒక అంచుకి ఒదిగి, కడ్డీ పట్టుకుని కూర్చుంది.

"ఇటు మధ్యకి జరుగక్కా, గతుకుల్లో పడిపోతావు."

"ఫర్వాలేదులే. సరిపోతుంది."

వంతెన ఎక్కేసరికి బండి మూలిగింది. పానియో గేరు తగ్గించాడు. అయినా లాగలేకపోతోంది. బక్కపలచటి మనిషి, చేతిలో చిన్న సంచి... ఇంత బరువేంటి?

"సంచిలో రాళ్ళేమన్నా మోసుకొస్తున్నావా ఏంటక్కా?" అన్నాడు నవ్వుతూ.

ఆవిడ చటుక్కున ఇటు తిరిగింది. "బరువుగా ఉందా?"

"మరి లేదూ?"

"నిజంగా? నా మీద ఒట్టేసి చెప్పు. నిజంగా బరువుగా ఉందా?"

ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాడు పానియో. జాగారంలో నాలుగు గుక్కల కల్లు పడిందేమో అని కూడా అనుకున్నాడు.

ఊరు దాటాక చీకటి. బండి దీపం వెలుతురే. ఇంజను చప్పుడు మధ్య ఆవిడ గొణుగుడు వినపడుతోంది. ప్రార్థన అనుకున్నాడు ముందు. తర్వాత ఒక్కో మాట చెవిన పడింది...

"ఇది కొత్త వంతెన... అప్పుడు లేదు. ఇక్కణ్ణించి కుడివైపు తిరుగుతాం. ఆ, అదే, నీళ్ళ ట్యాంకు. గుర్తుపెట్టుకో..."

పానియో తొట్టి వైపు చూడలేదు. ఉర్సులా కొట్టు ఎప్పుడొస్తుందా అని ముందుకే చూస్తూ తోలాడు.

మలుపు తిరిగాడు. దీపం కనపడింది. బ్రేకు వేశాడు.

"ఆపకు!" అరిచింది ఆవిడ. "అన్నా, ఆపకు! నీకు దణ్ణం పెడతాను—"

"ఊరుకో అక్కా. ఇవి మనం పెట్టిన పద్ధతులా? నీ మంచికే. రెండు నిమిషాలు."

దిగి, ముందు బల్ల మీద కూర్చుని జావ అడిగాడు. వేడివేడిగా ఊదుకుంటూ తాగాడు. ఆవిడ దిగలేదు. రెండు చేతులూ పక్క సీటు మీద అదిమి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఉర్సులా గరిటె చేత్తో పట్టుకుని అటే చూస్తూ నిలబడింది.

బయల్దేరాడు. కొట్టు దాటగానే పెద్ద ఎక్కుడు. గేరు మార్చబోయాడు... అక్కర్లేదు.

బండి ఎగిరినట్టు ఎక్కేసింది.

"దిగిపోయాడు" అంది ఆవిడ.

అంతే, ఇక ఏడుపు. పానియో బండి పక్కకి తీసి ఆపాడు. ఆవిడ ఆ ఏడుపులోనే చెప్పింది. పేరు లియోనీలా. రేవులో ఎండుచేపలు అమ్మేది. మొగుడు గోర్యో అదే తుఫాన్లో పోయాడు, దొరకలేదు. కొండవాలులో చీటీలు తీసి ఇళ్ళిచ్చారు కదా, చుట్టూ ఒక్క తెలిసిన ముఖం లేదు. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోతాయట. ఈ ఏడు ఆగలేక, పాత వీధి వాళ్ళందర్నీ బతిమాలి, ఇల్లున్న చోటే పాక వేసి, గోర్యో చొక్కా పెట్టుకుని జాగారం చేసింది.

"తిన్నగా పోతే వెంట వస్తారు కదా అన్నా" అంది. "అందుకే... తిన్నగా పోనివ్వమన్నాను."

పానియోకి అప్పుడర్థమైంది. ఎవరినైతే ఆవిడ ఐదేళ్ళుగా ఇంటికి రమ్మంటోందో, వాణ్ణి తనే తీసుకెళ్ళి దారిలో దింపేశాడు. పుణ్యం చేస్తున్నాననుకుని!

"టైర్లో గాలి ఎక్కువై ఉంటుందక్కా..." అన్నాడు. తనకే సిగ్గేసింది. బండి వెనక్కి తిప్పాడు.

ఉర్సులా పొయ్యి ఆర్పేసి ఉంది. లియోనీలా గబగబా దిగి, వెనక బల్ల ఎదురుగా నిలబడింది. చీకట్లో ఉత్త చెక్క బల్ల.

"తప్పయిపోయింది" అంది మెల్లగా. "రా... ఇంటికి పోదాం. అన్నం వండుతాను. ఇంటికి పోదాం, రా..."

ఉర్సులా వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. గుసగుసగా అంది—

"అయ్యో తల్లీ, పేరు పెట్టి పిలవాలి. ఉత్తినే ఇంటికి పోదాం అనకూడదు ఇక్కడ. జాగారాల నుంచి వచ్చినవాళ్ళే కాదు, నీళ్ళల్లో పోయి ఏ దిక్కూ లేనివాళ్ళు కూడా ఇక్కడే చేరారు. ఎవరో ఒకరు ఆ మాట అంటారనే కూర్చున్నారు."

బల్ల కిర్రుమంది.

ఆ వెంటనే బండి స్ప్రింగు ఒకటి మూలిగింది. తొట్టి కొంచెం కిందికి దిగింది. ఇంకొంచెం... ఇంకొంచెం... మడ్‌గార్డు టైరుకి ఆనేదాకా.

పానియో పారిపోవచ్చు. కానీ దింపింది తనేగా! బండెక్కాడు. లియోనీలా తొట్టిలో చోటు లేనట్టు అతని వెనక ఎక్కి కూర్చుంది. ఎక్కుడు మొదటి గేరులో, మనిషి నడక కన్నా నెమ్మదిగా ఎక్కారు.

పన్నెండో వరసలో చివరిల్లు. గుమ్మం తలుపు తెరిచి, తెరగుడ్డ వదిలి, ఆవిడ పక్కన నిలబడింది. ఒక్కొక్క స్ప్రింగు మూలుగుకీ తొట్టి కాస్త లేచింది. ఒక్కొక్కసారీ తెరగుడ్డ కదిలింది, భుజం ఎత్తులో. గాలి లేదు. పానియో ఏడు దాకా లెక్కపెట్టాడు.

ఎనిమిదోసారి గుడ్డ పైకొసన కదిలింది, తీగకి కట్టిన చోట.

లియోనీలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పొడుగు మనిషన్నా" అంది. "ఎప్పుడూ తల వంచుకునే వచ్చేవాడు."

లోపల దీపం వెలిగించింది. కుండ కడిగిన చప్పుడు. గ్లాసుతో బియ్యం కొలుస్తోంది... ఒకటి, రెండు, మూడు... "ముందు చెప్పొచ్చుగా ఇంతమందిని తెస్తున్నానని!" అని ఎవరినో కసురుకుంటోంది. ఆ గొంతులో నవ్వుంది. ఐదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో వినపడిన నవ్వది.

పానియో కదల్లేదు. తెరగుడ్డ కింది సగం వైపే చూస్తున్నాడు. నడుం ఎత్తు దగ్గర. అది కదులుతుందేమోనని చాలాసేపు చూశాడు.

కదల్లేదు.

బండి తిప్పుకుని మళ్ళీ మలుపు దగ్గరికి వచ్చాడు. ఉర్సులా లేదు, వెళ్ళిపోయింది. బల్ల ఉంది. దాని ఎదురుగా నిలబడ్డాడు. కూతురి పేరు పైకి అని ఐదేళ్ళయింది. ఇప్పుడు ఇక్కడ నిలబడి అంటే, ఇక పోయిందని ఒప్పుకోవడమే.

"లూపే" అన్నాడు. "మారియా గ్వాదలూపే. నాన్నను... ఇంటికి పోదాం, రామ్మా."

బల్ల కిర్రుమనలేదు. స్ప్రింగు మూలగలేదు. కొంచెంసేపు ఆగి బండెక్కాడు.

తేలిగ్గానే పోతోంది బండి. ఖాళీ బండిలాగే పోతోంది. కానీ ఆరేళ్ళ పిల్ల బరువెంతండీ? పదహారు కేజీలు ఉండేదేమో. బియ్యం బస్తా వేస్తేనే సరిగ్గా తెలీని బండికి అదెక్కడ తెలుస్తుంది? అందుకని ప్రతి గతుకు దగ్గరా నెమ్మది చేశాడు. పద్ధతి ప్రకారం ఎక్కడో ఒకచోట ఆగాలి కదా... పెట్రోలు బంకు దగ్గర ఆగలేదు. టీ అంగడి దగ్గర ఆగలేదు. తోటి బండివాళ్ళు పిలిచినా ఆగలేదు.

తిన్నగా ఇంటికి పోయాడు.

తాళం తీసి తలుపు బార్లా తెరిచాడు. తర్వాత తొట్టి దగ్గరికి వచ్చి, అడ్డంగా తగిలించిన గొలుసు విప్పి, ఒంగి చెయ్యి చాపాడు.

"మెట్టు ఎత్తుగా ఉంది" అన్నాడు. "మెల్లగా దిగమ్మా."